గదిలో అనని మాట



2008 డిసెంబరు 16, మంగళవారం. హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్ డైరెక్టర్ల బోర్డు ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. మేటాస్ ప్రాపర్టీస్ అనే కంపెనీని పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాను సత్యం కొనాలి. రెండింటికీ కలిపి ధర 160 కోట్ల డాలర్లు. ఆ రెండు కంపెనీలూ సత్యం చైర్మన్ రామలింగరాజు కుటుంబానివే. అప్పటిదాకా సాఫ్ట్‌వేర్ తప్ప మరో వ్యాపారం తెలియని సంస్థ భూములు, కట్టడాల వ్యాపారంలో అడుగుపెట్టాలన్నమాట.

ఆ బోర్డులో ఉన్నవాళ్లు చిన్నవాళ్లేం కాదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపు, పెంటియం చిప్‌తో పేరొందిన వినోద్ ధామ్, మన గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ రామ్మోహనరావు, కేంద్ర మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఆర్. ప్రసాద్, ఢిల్లీ ఐఐటీ మాజీ డైరెక్టర్ వి.ఎస్. రాజు, పరిశోధకురాలు మంగళం శ్రీనివాసన్. ఆ సమావేశంలో ప్రశ్నలు వచ్చాయి. మనకు తెలియని వ్యాపారం కదా అన్నారు, ధర సంగతి అడిగారు, వాటాదారులు ఏమంటారోనన్న అనుమానమూ వచ్చింది. చివరికి తీర్మానం ఏకగ్రీవమైంది.

ఆ ఏకగ్రీవం ఒక్క రాత్రి కూడా నిలవలేదు. వార్త బయటికి రాగానే మదుపరులు మండిపడ్డారు. న్యూయార్క్ మార్కెట్లో సత్యం షేరు సగానికి పైగా పడిపోయింది. పన్నెండు గంటలు తిరక్కుండానే కంపెనీ ఆ కొనుగోలును రద్దు చేసుకుంది. ఆ నెల ముగిసేలోగా స్వతంత్ర డైరెక్టర్లు ఒక్కొక్కరే రాజీనామా చేయడం మొదలుపెట్టారు.

ముందుగా తప్పుకున్నది మంగళం శ్రీనివాసన్. ఆమె రాజీనామా లేఖలోని ఒక సంగతిని నాయకత్వం గురించి మాట్లాడే ప్రతిచోటా చెప్పాలని నాకనిపిస్తుంది. చర్చ జరిగినప్పుడు తన సందేహాలు చెప్పానని, అయినా వ్యతిరేకంగా ఓటు వేయలేదని, అందుకు నైతిక బాధ్యత తనదేనని ఆమె రాశారు. సందేహం ఉంది, దాన్ని పైకి చెప్పారు కూడా. 'వద్దు' అన్న ఒక్క మాట మాత్రం సమావేశపు మినిట్స్‌లోకి ఎక్కలేదు. ఆ లేఖ రాయడానికి చాలా నిజాయతీ కావాలి. అంతటి నిజాయతీ ఉన్న మనిషి కూడా సమయానికి ఆ మాట అనలేకపోయారంటే, అలాంటి గదుల్లో మొహమాటం ఎంత బలమైనదో ఊహించుకోవచ్చు.

ఈ రోజు నా ప్రసంగం ఆ మొహమాటం గురించే. మామూలుగా ఈ విషయాన్ని గది బయటి నుంచి మొదలుపెడతారు. సమావేశంలో అందరూ సరేనంటారు, బయటికి వచ్చాక తలో మాట మాట్లాడతారు, ఈ అలవాటును ఎలా మాన్పించాలని అడుగుతారు. హైటెక్ సిటీలో చాలా ఏళ్లుగా పనిచేస్తూ నాకు అర్థమైనదేమిటంటే, బయట వినిపించే ఆ తలో మాట గదిలో చోటు దొరకనిదే. లోపల అనుంటే బయట అనాల్సిన అవసరం చాలామందికి ఉండేది కాదు.

మన ఐటీ కారిడార్‌లో ఇది ఎలా జరుగుతుందో ఆ రంగంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతా శ్రోతల కోసం చెబుతాను. ఒక కంపెనీలో ఏడెనిమిది మంది పెద్దలు కూర్చుని, వచ్చే నెల నుంచి అందరూ వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు రావాలని నిర్ణయించారనుకోండి. గదిలో ఎవరూ కాదనలేదు. తలుపు తెరుచుకుంటుంది. లిఫ్ట్ దగ్గర ఒకరు పక్కవారితో, "నాకైతే మొదట్నుంచీ ఇష్టం లేదు, ఏం చేస్తాం" అంటారు. ఇంకొకరు సాయంత్రం తన టీమ్ లీడ్‌కు ఫోన్ చేసి, "మేనేజ్‌మెంట్ డెసిషన్ అట, మన టీమ్ వరకు నేను చూసుకుంటాలే" అని ధైర్యం చెబుతారు. మూడోవారు ఏమీ అనరు, తన టీమ్‌కు మెయిలే పంపరు. అర్ధరాత్రి అమెరికా నుంచి కాల్‌లో కలిసే ఆన్‌సైట్ మేనేజర్‌కు సగం సంగతే తెలుస్తుంది. మర్నాడు మధ్యాహ్నం కెఫెటేరియాలో ఒకే కంపెనీ వాళ్లు ఒకే టేబుల్ దగ్గర కూర్చుని, ఒకే నిర్ణయం గురించి నాలుగు రకాలుగా చెప్పుకుంటారు.

దీనివల్ల జరిగే నష్టం ఆ ఒక్క నిర్ణయంతో ఆగదు. ఏ నిర్ణయాన్ని పట్టించుకోవాలో, ఏది పదిరోజుల్లో దానంతటదే చల్లారిపోతుందో కనిపెట్టే విద్య కింది ఉద్యోగులకు అబ్బుతుంది. 'ఎన్నాళ్లుంటుందిలే' అనుకుని పని మొదలుపెట్టరు. మొదలుపెట్టిన ఒకరిద్దరు అమాయకుల్లా మిగిలిపోతారు. కొత్తగా చేరిన కుర్రాళ్లు, అమ్మాయిలు ఇదంతా చూస్తూ నేర్చుకుంటారు. రేపు వాళ్లు మేనేజర్లయ్యాక చేసేది ఇదే.

ఇక మళ్లీ సత్యం దగ్గరికి వస్తాను. ఆ కంపెనీ కథలో మోసాన్నే అందరం గుర్తుపెట్టుకున్నాం. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖ, ఖాతాల్లో చూపించిన 5,040 కోట్ల రూపాయల నగదు అసలు లేదన్న ఒప్పుకోలు, ఒక్కరోజులో ముప్పావు వంతుకు పైగా కరిగిపోయిన షేరు ధర, ఇవన్నీ తెలిసినవే. మేటాస్ కొనుగోలు ఆ లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నమని ఆయనే ఆ లేఖలో చెప్పారు. బోర్డు సభ్యులకు అసలు సంగతి తెలియదని కూడా రాశారు. డిసెంబరు 16న ఎవరో ఒకరు గట్టిగా వద్దన్నంత మాత్రాన మోసం బయటపడేదా అని కొందరు అడుగుతారు. ఆ రోజే బయటపడేది కాదు. కానీ ఒక సంస్థ తన 160 కోట్ల డాలర్లు చైర్మన్ కుటుంబ కంపెనీలకు ఇవ్వబోతున్నప్పుడు, బయటి మదుపరులకు పన్నెండు గంటల్లో తట్టిన అభ్యంతరం లోపలి పెద్దల ఓటులో కనిపించి ఉండాల్సింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఆ తీర్మానం ఇంట్లో గెలిచినట్టు కనిపించింది తప్ప నిజంగా గెలవలేదు.

తర్వాత మూడు నెలల్లో అదే కంపెనీలో జరిగినది ఇంకా శ్రద్ధగా చూడాల్సిన విషయం. మన దగ్గర దాని గురించి తగినంత చెప్పుకోలేదని నా అభిప్రాయం. కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తొలగించి, జనవరి 11న కొత్తగా ముగ్గురిని వేసింది. హెచ్‌డీఎఫ్‌సీ దీపక్ పరేఖ్, సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం నాస్కామ్ మాజీ అధ్యక్షుడు కిరణ్ కార్నిక్, సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు అధ్యక్షత వహించిన న్యాయ నిపుణుడు అచ్యుతన్. వాళ్లు మర్నాడే హైదరాబాదులో సమావేశమయ్యారు. కొద్దిరోజుల్లోనే మరో ముగ్గురు చేరారు. పరిశ్రమల సమాఖ్య సీఐఐకి చెందిన తరుణ్ దాస్, చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ మాజీ అధ్యక్షుడు మనోహరన్, ఎల్ఐసీ నుంచి మైనక్.

వీళ్ల ముందున్న పరిస్థితి చూడండి. దాదాపు 50 వేల మంది ఉద్యోగులు. ఈ నెల జీతం వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. ఖాతా పుస్తకాల్లో ఏ అంకెనూ నమ్మే వీల్లేదు. విదేశీ ఖాతాదారులు రోజూ ఫోన్ చేసి కంపెనీ ఉంటుందా అని అడుగుతున్నారు. ఆరుగురూ ఆరు రంగాలవాళ్లు. కలిసి ఒక కంపెనీని నడిపిన అనుభవం లేనివాళ్లు. అభిప్రాయభేదాలకు కొదవ ఉండే అవకాశమే లేదు. సీఈఓగా బయటివారిని తేవాలా, లోపలివారిని నిలబెట్టాలా? కంపెనీని అమ్మాలా, ప్రభుత్వ సాయం అడగాలా? అమ్మితే ఎవరికి, ఏ పద్ధతిలో? ఇందులో ప్రతి ప్రశ్నకూ రెండువైపులా గట్టి వాదాలున్నాయి.

లెక్కలు తిరిగి రాయించడానికి కేపీఎంజీ, డెలాయిట్ సంస్థలను పెట్టారు. ఫిబ్రవరి 5న, 1994 నుంచి సత్యంలోనే ఉన్న ఏ.ఎస్. మూర్తిని సీఈఓగా ఎంచుకుని, ఆయనకు తోడుగా బయటి నుంచి ఇద్దరు అనుభవజ్ఞులను సలహాదారులుగా తెచ్చారు. లోపలివారా, బయటివారా అన్న రెండు వాదాలకూ ఆ ఏర్పాటులో చోటు దొరికింది. జీతాలకు, రోజువారీ ఖర్చులకు బ్యాంకుల నుంచి 600 కోట్ల రూపాయలు సమకూర్చారు. అమ్మకాన్ని బహిరంగ వేలంగా పెట్టి, ఆ ప్రక్రియను పర్యవేక్షించమని సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి భరూచాను కోరారు. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలతో గెలిచింది. ఎల్ అండ్ టీ 45 రూపాయల 90 పైసల దగ్గర ఆగింది. మొత్తం మూడు నెలల వ్యవధి. ఇంత తక్కువ సమయంలో, ఇంత ఒత్తిడిలో, ఆ బోర్డు సభ్యులు ఒకరి మీద ఒకరు పత్రికలకెక్కలేదు. ఉద్యోగులకూ ఖాతాదారులకూ ఒకే సందేశం వెళ్లింది. కంపెనీ నడుస్తుంది, పని ఆగదు, అర్హులకు అప్పగిస్తాం. ఒకే సంస్థ, నెల తిరక్కుండానే రెండు బోర్డులు. మొదటిదాని ఐక్యత ఒక రాత్రిలో పోతే, రెండోదాని ఐక్యత కంపెనీని నిలబెట్టింది.

తేడా ఎక్కడుందని చాలాకాలం ఆలోచించాను. రెండో బోర్డులో ఎవరికీ ఎవరి మీదా మొహమాటం లేదు. ఎవరూ చైర్మన్ పిలిస్తే వచ్చినవారు కాదు. ప్రతి ఒక్కరికీ తనదైన రంగం ఉంది. లెక్కలవారు లెక్కల విషయంలో, న్యాయనిపుణులు చట్టం విషయంలో మాట్లాడాల్సిందే, తప్పించుకునే దారి లేదు. ఏ నిర్ణయానికైనా కారణం బయటికి చెప్పగలిగేలా ఉండాలని అందరికీ తెలుసు, ఎందుకంటే దేశమంతా చూస్తోంది. అలాంటి చోట వాదన గదిలోనే తేలిపోతుంది.

మన రోజువారీ ఆఫీసులకు ఇంత పెద్ద సంక్షోభం రాకూడదనే కోరుకుందాం. పద్ధతి మాత్రం అరువు తెచ్చుకోవచ్చు. అన్నిటికన్నా ముందు, ప్రశ్న అడగడం వేరు, వద్దనడం వేరు అన్న సంగతి గదిలో ఉన్న అందరికీ స్పష్టం కావాలి. సత్యం బోర్డులో ప్రశ్నలు వచ్చాయి. ప్రశ్నకు ఏదో ఒక జవాబు రాగానే అభ్యంతరం తీరిపోయినట్టు లెక్కవేసుకున్నారు. సమావేశం నడిపేవారు చివర్లో "అందరికీ ఓకేనా?" అని అడిగి లేచిపోతే లాభం లేదు. ఆ ప్రశ్నకు 'ఊఁ' తప్ప జవాబు రాదు. పేరు పెట్టి ఒక్కొక్కరినీ అడగాలి, "మీరైతే ఇలాగే చేస్తారా?" అని. వయసులో, హోదాలో చిన్నవారిని ముందు అడగాలి. పెద్దవారు ఆఖరున మాట్లాడాలి. మన సంప్రదాయంలో పెద్దవాళ్లు మాట్లాడాక చిన్నవాళ్లు కాదనడం కష్టం. 'సర్' అన్న పిలుపు ఉన్నచోట ఇంకా కష్టం. ఆ మర్యాద మంచిదే, దాన్ని వదులుకోమని నేననను. వరుస మార్చితే చాలు.

బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల విషయంలో, వద్దన్న మాటను ఓటుగా చెప్పడానికి చక్కని ఉదాహరణ ఉంది. నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొనాలా వద్దా అని అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ తన నాయకత్వ బృందంలో ఓటు అడిగినప్పుడు తాను వద్దని ఓటేశానని నాదెళ్ల 2017లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. నిర్ణయం మరోలా జరిగింది. 2014 ఫిబ్రవరిలో ఆయనే సీఈఓ అయ్యారు. ఏప్రిల్‌లో ఆ కొనుగోలు ఆయన హయాంలోనే పూర్తయింది. ఆ ఫోన్లను నిలబెట్టడానికి సంస్థ ప్రయత్నించింది. ఫలితం రాలేదని తేలాక, 2015 జులైలో 760 కోట్ల డాలర్లను నష్టంగా ప్రకటించారు. వేల ఉద్యోగాలు పోయాయి, అది బాధాకరమైన అధ్యాయం. అయినా అందులో ఒక క్రమం ఉంది. అభ్యంతరం ఓటుగా నమోదైంది. సంస్థ నిర్ణయించిన పని పూర్తయింది. వెనక్కి తీసుకోవాల్సి వచ్చినప్పుడు అది అధికారికంగా, బాధ్యత వహించి జరిగింది. మన ఆఫీసుల్లోనూ నిర్ణయం తీసుకున్న రోజునే, 'ఏ ఫలితం కనిపిస్తే దీన్ని మళ్లీ తిరగతోడతాం' అని రాసుకుంటే ఓడిపోయినవారికి కారిడార్‌లో గొణుక్కోవాల్సిన పని ఉండదు. మళ్లీ మాట్లాడే రోజు ఒకటుందని వాళ్లకు తెలుసు.

నానక్‌రామ్‌గూడలో 2019లో ప్రారంభమైన అమెజాన్ ప్రాంగణంలో పనిచేసేవారికి ఆ సంస్థ నాయకత్వ సూత్రాల్లో ఒకటి బాగా తెలుసు. ఒప్పుకోనప్పుడు ధైర్యంగా చెప్పు, నిర్ణయమయ్యాక పూర్తిగా కట్టుబడు అని దాని సారం. చాలాచోట్ల దీని రెండో సగాన్నే గోడకు అంటిస్తారు. మొదటి సగం లేకుండా రెండోదాన్ని అడిగే హక్కు ఏ మేనేజర్‌కూ లేదని నా నిశ్చితాభిప్రాయం.

గదిలో ఓడిపోయిన మేనేజర్ తన టీమ్ దగ్గరికి వెళ్లి ఏం చెప్పాలి? ఇది నన్ను చాలామంది అడుగుతుంటారు. నాకు నచ్చకపోయినా నచ్చిందని చెప్పాలా, అది అబద్ధం కాదా అంటారు. అబద్ధం చెప్పక్కర్లేదు. "మేం చర్చించాం, వేరే దారి కూడా చూశాం, ఫలానా కారణం వల్ల ఇది ఎంచుకున్నాం, దీన్ని నడిపించే బాధ్యత నాది" అంటే చాలు. అందులో 'మేం' ఉంది, 'వాళ్లు' లేరు. "పైవాళ్లు చెప్పారు" అన్న వాక్యం నోట్లోంచి రాగానే ఆ మేనేజర్ తన టీమ్ దృష్టిలో నాయకుడిగా మిగలరు. పైనుంచి కాగితం తెచ్చి ఇచ్చే మనిషే అవుతారు. సమావేశం నుంచి లేవకముందే ఆ నాలుగు వాక్యాలను అందరూ కలిసి రాసుకోవాలి, అవే మాటలు అందరి టీములకూ వెళ్లాలి. ఆ రోజు సమావేశానికి రాలేకపోయినవారికి, ఆన్‌సైట్‌లో ఉన్నవారికి, ఆ మెయిల్ వెళ్లేలోపు ఒక ఫోన్ కాల్ వెళ్లాలి.

ఇక్కడ హైదరాబాదుకే ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. రాయదుర్గం నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఇప్పుడు విదేశీ కంపెనీల సొంత కేంద్రాలు నిండిపోయాయి. చాలా నిర్ణయాలు వేరే ఖండంలో, ఇక్కడివారెవరూ లేని గదిలో జరుగుతాయి. ఇక్కడి నాయకులు తాము వాదించే అవకాశమే దొరకని నిర్ణయానికి ముఖంగా నిలబడాలి. అలాంటప్పుడు ఇక్కడి బృందం తమలో తాము ఒకసారి కూర్చుని, మన అభ్యంతరాలేమిటో పేర్లతో సహా రాసి, ప్రధాన కార్యాలయానికి ఒకే గొంతుతో పంపాలి. జవాబు ఏదైనా సరే, పంపాం, విన్నారు అని టీమ్‌కు చెప్పగలిగితే 'మేం' అన్న మాటకు కొంత బలం వస్తుంది. ఇది చేయకుండా ఎవరికివారు రాత్రి కాల్‌లో విదేశీ బాస్‌తో విడిగా తమ బాధ చెప్పుకుంటే, పైవాళ్లకు ఎనిమిది గొంతులు వినిపిస్తాయి, ఒక్కటీ లెక్కలోకి రాదు.

ఐక్యతకు ఒక హద్దు కూడా ఉంది, అది చెప్పకపోతే ఈ ప్రసంగం ప్రమాదకరం. తప్పుడు లెక్క, దొంగ బిల్లు, చట్టవిరుద్ధమైన ఆదేశం, వీటి వెనుక కట్టుబడటం అన్నదే లేదు. సత్యం కేసులో 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో సహా పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల శిక్ష వేసింది. తర్వాత వాళ్లు అప్పీలుకు వెళ్లారు, బెయిల్ వచ్చింది. ఆ పదిమందిలో ఆర్థిక విభాగంలో పనిచేసిన ఉద్యోగులు కూడా ఉన్నారు. నచ్చని నిర్ణయాన్ని నడిపించడం బాధ్యత, నేరాన్ని నడిపించడం నేరమే.

ఈ గాయం నుంచి దేశం ఒక పాఠాన్ని చట్టంలోనే రాసుకుంది. సత్యం తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం ప్రకారం స్వతంత్ర డైరెక్టర్లు తమ ఆందోళన తీరకపోతే అది మినిట్స్‌లో నమోదయ్యేలా పట్టుబట్టాలి. యాజమాన్యం లేకుండా వాళ్లు ఏడాదికి ఒకసారైనా విడిగా సమావేశం కావాలి. బోర్డు తీర్మానానికి ఒప్పుకోని డైరెక్టర్ల పేర్లు మినిట్స్‌లో ఉండాలన్న పాత నియమాన్ని 118వ సెక్షన్ కొనసాగించింది. ఈ నియమాలు బోర్డులకే వర్తిస్తాయి. మీ టీమ్ మీటింగ్‌కు ఏ చట్టమూ ఈ సంగతి చెప్పదు, మీరే పెట్టుకోవాలి.

అందుకే రేపు ఉదయం మైండ్‌స్పేస్‌లోనో, గచ్చిబౌలిలోనో, ఇంట్లోంచి వీడియో కాల్‌లోనో సమావేశం నడపబోతున్న శ్రోతలకు నా విన్నపం ఒక్కటే. ముగించే ముందు పది నిమిషాలు పక్కన పెట్టండి. పేరు పేరునా అడగండి. ఒప్పుకోనివారి పేరు, వారి కారణం, వారి ముందే మినిట్స్‌లో రాయించండి. ఆ తర్వాతే, బయట ఒకే మాట మాట్లాడదామని వారిని అడగండి. ఎక్కువమంది మాట నిలబెట్టుకుంటారు.